సెంట్రింగ్ చెక్క మీద ప్రాజెక్టు

యూనివర్సిటీలో నేను ఆఖరుగా చదివిన పేపరు ఇంధన వ్యవస్థల మీద. ‘ఆర్థిక, పర్యావరణ ప్రభావాలు’ అని కింద ఇంకో ముక్క ఉండేది. పేరు చూసి జడుసుకోవాల్సిందేమీ లేదు. బొగ్గు ఎక్కడ తవ్వుతారు, కరెంటు ఎట్లా పుడుతుంది, ఎవరింటికి పోతుంది, పొగ ఎవరి ఊపిరిలోకి పోతుంది, ఆ నష్టం ఎవరు మోస్తారు. అంతే సంగతి. ఇందులో చాలావాటిని నేను పుస్తకం పట్టకముందే చూశాను. చూసినవాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఆలోచించడం మాత్రం ఆ పుస్తకమే నేర్పింది.

నేను డిగ్రీ చదివానంటే ఇప్పటికీ కొందరు నవ్వుతారు. నవ్వనివ్వండి. మా ఆయనా నేనూ పాలమూరు నుంచి మాదాపూర్‌కు తట్ట మోయడానికి వచ్చినప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. బస్సు మీద ఏం రాసుందో పక్కవాళ్లను అడిగి ఎక్కేదాన్ని. లేబర్ క్యాంపులో పిల్లల కోసం ఒక రేకుల షెడ్డులో బడి నడిపేవారు. పని లేని రోజుల్లో పోయి ఆ పిల్లల వెనకాల కూర్చున్నాను. పంతులమ్మ నా కూతురి వయసు పిల్ల. ఏం కావాలని అడిగింది. “వాళ్లకు చెప్పేదే నాకు గూడ చెప్పు” అన్నాను. నలభై దాటాక అ ఆలు దిద్దాను. వంగి దిద్దితే నడుం నొప్పి పుట్టేది కానీ సిగ్గు పుట్టలేదు. పదో తరగతి కాగితం లేనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి దూరవిద్యలో డిగ్రీ చేరవచ్చని చెప్పింది ఆ పిల్లే. రాశాను, చేరాను.

అప్పటికి తట్ట మోసే ఓపిక తగ్గింది. మేం కట్టిన ఐటీ ఆఫీసుల టవర్లలోనే ఒకదానిలో హౌస్‌కీపింగ్ పనికి కుదిరాను. ఖాజాగూడలో ఒక గది కిరాయికి తీసుకున్నాం. మా ఆయన అక్కడికి దగ్గరలోనే ఒక గేటు కాడ సెక్యూరిటీ. టవర్ లోపల నాకు మొదట వింతగా అనిపించింది చలి. నడి ఎండాకాలంలో బయట రాయి పగిలే ఎండ కాస్తుంటే లోపల ఆడపిల్లలు స్వెట్టర్లు వేసుకుని కంప్యూటర్ల ముందు కూర్చునేవారు. చల్లగా చేసేందుకు కరెంటు, ఆ చల్లదనం నుంచి కాచుకునేందుకు ఉన్ని. మా పుస్తకంలో దీనికి ‘డిమాండు’ అని పేరు. నేనైతే వేరే పేరు పెట్టేదాన్ని, రాస్తే మార్కులు రావని ఊరుకున్నాను.

ఆదివారం క్లాసులు మూసాపేట దగ్గర ఒక కాలేజీలో జరిగేవి. చివరి పేపరుకు పరీక్షతోపాటు ప్రాజెక్టు కూడా ఉంటుంది. ఏదో ఒక విషయం తీసుకుని స్వయంగా పరిశీలించి రాయాలి. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు కూర్చుని జవాబులు చెప్పాలి. అది నెగ్గితే డిగ్రీ చేతికి వస్తుంది. నా రిజిస్ట్రేషన్ గడువులో రెండు విడతలే మిగిలాయి. రెండూ తప్పితే చదివినదంతా పోయి మొదటి నుంచి చేరాలి. ఆ వయసులో మొదటి నుంచి అంటే ఇక లేదనే అర్థం. ఆ డిగ్రీ నాకు కావాలి. ఈ వయసులో ఎందుకని అడిగినవాళ్లకు నేను ఎన్నడూ జవాబు చెప్పలేదు. పాతికేళ్లవాడిని ఎవరూ ఆ మాట అడగరు.

మాకు పాఠం చెప్పే సారు మంచివాడే, మా దిక్కువాడే. ప్రాజెక్టు అనగానే నా వైపు జాలిగా చూశాడు.

“పెద్దమ్మా, నువ్వు పరేషాన్ కాకు. బయట జిరాక్స్ షాపుల తయారుగ దొరుకుతయి. సోలార్ మీద తీసుకో, అందరు గదే తీసుకుంటరు. పేరు మార్చి బైండింగ్ చేపిస్తే అయిపాయె” అన్నాడు.

“సోలార్ పలకల మీది దుమ్ము తుడిచిన గని వాటి సంగతి నాకెరుక లేదు సార్. నేను పొయ్యి మీద రాస్త.”

“ఏం పొయ్యి?”

“మా యారాలు పొయ్యి.”

క్లాసంతా నవ్వింది. వెనక బెంచీ నుంచి ఒకతను, “సార్, పెద్దమ్మ వంటల పుస్తకం రాస్తదంట” అన్నాడు.

“రాస్త. తినెటందుకు నువ్వు గూడ రా. వచ్చేటప్పుడు రెండు కట్టెలు కొట్టుకొని రా” అన్నాను.

యారాలు అంటే తోడికోడలు, మా మరిది భార్య. వాళ్లింకా మేస్త్రీ కింద కూలి పనిలోనే ఉండేవారు. నేను ఊడ్చే టవర్‌కు పక్కనే కొత్త టవర్ లేస్తోంది. రెంటి నడుమ ఉన్న ఖాళీలో రేకుల క్యాంపు. మా టవర్ జనరేటర్ల పొగగొట్టం ఆ క్యాంపు వైపే తిరిగి ఉండేది. క్యాంపులో గ్యాస్ లేదు. ఒక వైరు లాగి ఇచ్చిన బల్బు, అది కూడా మేస్త్రీ స్విచ్చి వేసినప్పుడే వెలుగుతుంది. అందరూ మండించేది సెంట్రింగ్ చెక్క.

స్లాబు పోసేముందు కింద చెక్కలు కొట్టి అచ్చు కడతారు, అదే సెంట్రింగ్. కాంక్రీటు అంటుకోకుండా చెక్కకు మాడిన ఇంజనాయిల్ పూస్తారు. స్లాబు గట్టిపడ్డాక చెక్క ఊడగొట్టి ఇంకో స్లాబుకు వాడతారు. వాడగా వాడగా చీలిపోయి, మేకులు దిగబడి, సిమెంటు పెచ్చులు కట్టి ఇక దేనికీ పనికిరాకుండా పోయిన ముక్కలు పొయ్యిలోకి వస్తాయి. ఆ పొగ తెల్లగా ఉండదు. గొంతులో జిగటగా పట్టుకుంటుంది. మా యారాలు వండిన అన్నంలో మోటార్ షెడ్డు వాసన వచ్చేది. బయటివాళ్లకే వచ్చేది ఆ వాసన, క్యాంపువాళ్లకు తెలిసేది కాదు. నేను అక్కడ ఉన్నన్నాళ్లు నాకూ తెలియలేదు.

కూరగాయలమ్మే ఆమె దగ్గర పాత తరాజు, ఇనుప తూకాలు అడిగి తీసుకున్నాను. సెలవు దొరికిన ప్రతి రోజూ క్యాంపుకు పోయి, వంటకు ముందు కట్టె తూచి, వంటయ్యాక మిగిలింది తూచి, ఏ ఇంట్లో ఎంత మండిందో రాసుకున్నాను. అది వానాకాలం. కొంగు నెత్తిన కప్పుకుని తూచాను. తూకం ఒక ఎత్తు, రాత ఇంకో ఎత్తు అయింది. నా రాత నెమ్మది, గుండ్రాలు సరిగా తిరగవు. అయినా మొత్తం నా చేత్తోనే రాశాను, టైపు చేయించలేదు.

మొదటి విడత ఎగ్జామినర్ రిటైరైన ప్రొఫెసరు, కోస్తా వైపు మాట. నలగని తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. నా ప్రాజెక్టు మొదటి పేజీ నుంచి చదివారు. అంతకుముందు వచ్చినవాళ్లవి తిరగేసి పెట్టేశారని బయట చెప్పుకున్నారు, నాది మాత్రం చదివారు. ఒక పట్టిక మీద వేలు పెట్టి ఆగారు.

“ఈ కట్టె ఎప్పుడు తూచారండి?”

“వానలప్పుడు సార్.”

“ఎండబెట్టి తూచారా?”

“పొయ్యి కాడ ఎట్లున్నది అట్లనే తూచిన.”

“వీటికి సిమెంటు పట్టి ఉంటుందని మీరే రాశారు. సిమెంటు మండుతుందాండి?”

“మండదు.”

“నీళ్లు మండుతాయా?”

“మండవు సార్.”

“నీళ్లనీ, సిమెంటునీ, మేకుల్నీ కూడా ఇంధనం కింద కట్టేశారమ్మా. ఈ అంకెలతో ఏ నిర్ధారణ చేసినా అది నిలబడదు. పాస్ చేయలేను.” ఆయన గొంతులో కోపం లేదు. “టాపిక్ మార్చుకోండి. సులువైనవి చాలా ఉన్నాయి.”

“తూకం మారుస్త సార్. టాపిక్ మార్చ” అని లేచి వచ్చేశాను.

బస్సులో ఆయనను తిట్టుకుంటూ వచ్చాను. కొండాపూర్ దాటేసరికి తిట్లు అయిపోయాయి. ఆయన చెప్పింది నిజం. ఎక్కడ పొరపాటు పడ్డానో కూడా తెలిసింది. మాకు బరువంటే నెత్తి మీద ఉన్నది. తట్టలో తడి ఇసుక ఉన్నా, పొడి ఇసుక ఉన్నా మోసేది నా మెడే. ఇందులో ఇంత నీళ్ల బరువు, ఇంత ఇసుక బరువు అని విడదీసి ఎవరూ తక్కువ మోయనివ్వరు. కాబట్టి కట్టెను కూడా మోసే బరువు కింద తూచాను. పొయ్యికి ఆ లెక్క పనికిరాదు. పొయ్యికి మండేదే లెక్క. చదువుకున్న పిల్లలెవరూ చేయని తప్పు అది, మోసినవాళ్లే చేయాలి. సరే, తప్పును దిద్దుకుంటే పోతుంది. తప్పు తూకంలో ఉంటే పొయ్యిని ఎందుకు వదలాలి?

యారాలికి చెబితే పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“ఫెయిలైనవా అక్కా? మంచిగైంది. ఇగ మా పొయ్యిల కాడికి తరాజు పట్టుకొని రావు.”

“వస్త. ఈసారి ఎండిన కట్టె తూస్త. సిమెంటు గూడ కొట్టిపిస్త.”

“ఎవ్వరితోని కొట్టిపిస్తవ్?”

“నీతోనే.”

“డిగ్రీ నీకు, సుత్తె నాకా?” అంది.

ఆ తర్వాత తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనులూ సమ్మెకు దిగారు. బడులు, ఆఫీసులు మూతపడ్డాయి. బస్సులు డిపోలు దాటలేదు. బొగ్గు గనుల్లో పని ఆగింది. నగరంలో కూడా కరెంటు కోతలు మొదలయ్యాయి. మా రెండో విడత ప్రాజెక్టు పరీక్ష ఎప్పుడో తెలియకుండా వెనక్కి పోయింది.

నేను తెలంగాణ కావాలన్నదాన్నే. ఇప్పుడూ అదే మాట మీద ఉన్నాను. పాలమూరు నుంచి నెత్తిన మూట పెట్టుకుని వచ్చినదానికి ఆ మాట ఎవరూ నేర్పక్కర్లేదు. అయితే ఆ రోజుల్లో నేను చూసింది ఇంకొకటి ఉంది. కరెంటు పోయినప్పుడు ఖాజాగూడలో మా గల్లీ మొత్తం చీకటి. టవర్‌లో లైటు రెప్ప కూడా వేసేది కాదు. కింద జనరేటర్లు అందుకునేవి. లిఫ్టులు తిరిగేవి, చలి తగ్గేది కాదు, స్వెట్టర్లు విప్పేవారు కాదు. ఆ డీజిల్ పొగంతా గోడ దాటి క్యాంపు మీదికి పోయేది. క్యాంపులో మరో తంటా వచ్చింది. సమ్మెతో స్లాబు పని ఆగింది. స్లాబు లేకపోతే విరిగిన చెక్క రాదు. వాళ్లు మూలన పడి ఉన్నవి, ఆయిలు బాగా పీల్చినవి తీసి మండించారు. బొగ్గు ఆగితే ఎవరి ఇంట్లో ఏమవుతుందో మా పుస్తకంలో ఒక బొమ్మ గీసి బాణాలు పెట్టారు. ఆ బాణాల్లో మా యారాలు పొయ్యి దాకా వచ్చింది ఒక్కటీ లేదు.

ఒకరోజు టవర్ల ముందు రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు మధ్యలో పొయ్యి పెట్టి, వండి, అక్కడే బంతి కూర్చుని తినడం. ఉద్యమంలో అది మా నిరసన. మా సూపర్‌వైజర్ సెలవు ఇవ్వనన్నాడు. నేను సెలవు అడగలేదు, పోతున్నానని చెప్పి పోయాను. యారాలు, క్యాంపు ఆడవాళ్లు కట్టెలు మోసుకొచ్చారు. నేను తరాజు తెచ్చాను. ఇంత పెద్ద వంట, ఎండ రోజు, ఎండిన కట్టె. ఇంతకన్నా మంచి అదను నాకు దొరకదనుకున్నాను.

రాళ్లు పేర్చి పొయ్యి చేశారు, అన్నం వండే గంజు ఎక్కించారు. నేను ఒక్కో మోపు తూచి పక్కన పెడుతున్నాను. చుట్టూ మూగిన ఆడవాళ్లకు అదో తమాషా.

“ఏందమ్మా, అన్నం గూడ తూచి పెడతవా?”

“ఆ, ఎక్కువ తిన్నోళ్లు రేపటి ధర్నాకు గూడ రావాలెనంట” అని యారాలు అందుకుంది.

మెడలో కండువా వేసుకున్న కార్యకర్త పరుగున వచ్చాడు. “అమ్మా, జల్దీ అంటియ్యి. టీవీ వాళ్లు వచ్చిండ్రు. గా తరాజు జర పక్కకు పెట్టు.”

“తూచిందాక అంటియ్య.”

“ఏం లెక్క అమ్మా ఇది?”

క్యాంపు పొయ్యిల మీద ప్రాజెక్టు రాస్తున్నానని చెప్పాను. అతను తల పట్టుకున్నాడు.

“రాష్ట్రం వస్తే ఇంటింటికి గ్యాస్ వస్తది, కరెంట్ వస్తది. ఇప్పుడు గివన్ని ఎందుకు తల్లీ?”

“వచ్చినంక ఎవరింటికి వచ్చింది, ఎవరింటికి రాలేదు అని అడగాలంటే ఇయ్యాల లెక్క ఉండాలె గద బిడ్డా. అప్పుడు నువ్వే కుర్చీల కూసుంటవేమో, నిన్నే అడుగుత.”

పక్కనున్నవాళ్లు నవ్వారు. అతను కూడా నవ్వి, “అడుగు, అడుగు. పొయ్యి మాత్రం ఆరనియ్యకు” అని టీవీ వాళ్ల దగ్గరికి పోయాడు.

పొయ్యి ఆరింది. అన్నం సగం ఉడికేసరికి పోలీసులు వచ్చారు. రోడ్డు ఖాళీ చేయమన్నారు, మేం చెయ్యం అన్నాం. వాళ్లలో ఒకతను నీళ్ల బిందె ఎత్తి పొయ్యిలో, పక్కనున్న మోపుల మీద గుమ్మరించాడు. బూడిద, ఆవిరి లేచాయి. నేను ఆవిరిని చూడలేదు, కట్టెలను చూశాను. మండగా మిగిలినవి, ఇంకా పొయ్యిలో పెట్టనివి అన్నీ తడిసి ముద్దయ్యాయి. మిగిలిన కట్టె తూచనిదే ఎంత మండిందో తెలియదు. తడిసిన దాన్ని తూచి ఇంతకుముందే ఒకసారి ఫెయిలయ్యాను.

వ్యాన్ ఎక్కిస్తూ ఒక ఆడ కానిస్టేబుల్ నా సంచీ తడిమి ఇనుప తూకాలు బయటికి తీసింది.

“ఇవేంది పెద్దమ్మా? మా మీద ఇసిరెటందుకు తెచ్చినవా?”

“ఇసిరితే నీకు దెబ్బ తగుల్తది, నాకు ప్రాజెక్టు పోతది. నేనెందుకు ఇసురుత?”

“ఏం ప్రాజెక్టు?”

“డిగ్రీ చదువుతున్న.”

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసి, తూకాలు మళ్లీ సంచీలో వేసింది. “మా అత్తకు చెప్పాలె నీ సంగతి. టీవీ ముందట నుంచి లేవదు” అంది. సాయంత్రం దాకా ఒక గ్రౌండులో కూర్చోబెట్టి వదిలేశారు. ఆకలితో నడుచుకుంటూ వస్తుంటే యారాలు ఆపకుండా నవ్వుతూనే ఉంది.

“నీ ఎగ్జామినర్ సారుకు చెప్పక్కా, ఈసారి నేను తడపలే, సర్కారే తడిపిందని.”

నాకు నవ్వు రాలేదు. గడువులో ఆ ఒక్క విడతే మిగిలింది, నా చేతిలో పనికొచ్చే అంకె ఒక్కటీ లేదు.

సమ్మె ముగిసింది. పనులు మెల్లగా మొదలయ్యాయి, విరిగిన చెక్క మళ్లీ క్యాంపులోకి వచ్చింది. నేను అన్నీ మొదటి నుంచి చేశాను. చెక్క ముక్కలను గుట్ట రాళ్ల మీద ఎండబెట్టాం. మేకులు లాగాం, సిమెంటు పెచ్చులు సుత్తెతో రాలగొట్టాం. యారాలు తిడుతూనే కొట్టింది. అప్పుడు తూచాను. నేను మొదట రాసినదానికన్నా కట్టె తక్కువే మండుతోంది. ఆ ప్రొఫెసరు చెప్పిందే నిజమని ప్రాజెక్టులో ఆ మాట ఉన్నదున్నట్టు రాశాను.

కానీ తూకం తగ్గిన కొద్దీ ఇంకొకటి పైకి తేలింది. మేకు లాగడం, పెచ్చు రాల్చడం, చీల్చడం మేం తూకం కోసం కొత్తగా చేసిన పనులు కావు. క్యాంపు ఆడవాళ్లు రోజూ వంటకు ముందు ఎంతో కొంత చేస్తూనే ఉన్నారు, లేకపోతే చెక్క అంటుకోదు, పెచ్చు వేడికి పగిలి మొహాన పడుతుంది. స్లాబు పని దిగి వచ్చి మళ్లీ సుత్తె పట్టుకోవడమే. వాళ్ల అరచేతులు చూస్తే తెలుస్తుంది. మేస్త్రీని గ్యాస్ సంగతి అడిగాను. “కట్టె ఉత్తగ ఇస్తున్నం గద, ఇంక గ్యాస్ ఎందుకమ్మా?” అన్నాడు. ఆ మాటను ఆర్థిక ప్రభావం అనే శీర్షిక కింద రాశాను. ఉత్తగా వచ్చే కట్టె ఎవరికి ఉత్తగా వస్తోందో కింద రాశాను. అది మేస్త్రీకి పైనున్న కాంట్రాక్టరుకు ఉత్తగా వస్తోంది. పారేసే ఖర్చు తప్పింది, గ్యాస్ ఇచ్చే ఖర్చు తప్పింది. మా ఆడవాళ్లకు అది చేతులతో, కళ్లతో, దగ్గుతో వస్తోంది.

చివర ఒక అధ్యాయం రాశాను. అందులో టవర్ జనరేటర్లను, క్యాంపు పొయ్యిలను పక్కపక్కన పెట్టాను.

ఆదివారం సారు అది చదివి గొంతు తగ్గించాడు. “పెద్దమ్మా, తూకాలు మస్తుగున్నయి. ఈ ఆఖరి అధ్యాయం మాత్రం వద్దు. మళ్ల ఆయననే వస్తున్నడు. ఆంధ్రాయన. ఉద్యమం టైం. ఎందుకు చెప్పు?”

“ఆంధ్రాయన అయితే చదువరాదా? చదవనియ్యి.”

“నీ మంచికే చెప్తున్న.”

“ఎరుకే సార్. గని నా మంచి నేను రాసుకున్న.”

రెండో విడతకు ఆయనే వచ్చారు. అదే తెల్ల చొక్కా. నన్ను గుర్తుపట్టారు.

“మళ్లీ ఇదే టాపిక్కా అండి?”

“తూకం మార్చిన సార్.”

ఆయన పట్టికలన్నీ చూశారు. ఎట్లా ఎండబెట్టారు, ఎన్నాళ్లు, మేకులు ఎక్కడికి పోయాయి, ఒకే ఇంట్లో రెండు పూటలా తూచారా, అడిగినవాటికల్లా చెప్పాను. తెలియనివి తెలియదన్నాను. పొగలో ఏ విషాలు ఉంటాయని అడిగితే పుస్తకంలో ఉన్నంత చెప్పి, ఆయిలు పూసిన చెక్క గురించి పుస్తకంలో లేదు, కొలిచే యంత్రం నా దగ్గర లేదు అన్నాను. ఆయన తల ఊపారు. వంటావార్పు దగ్గర పోయిన తూకం గురించి కూడా రాశాను. అది చదువుతున్నప్పుడు ఆయన మీసాల కింద నవ్వు కనిపించింది.

తర్వాత ఆఖరి అధ్యాయానికి వచ్చారు. కళ్లద్దాలు సర్దుకుని ఒకచోట పైకి చదివారు.

“‘కరెంటు పోయిన పూట టవర్ లిఫ్టు ఆగలేదు. దాని జనరేటర్ పొగా, క్యాంపు పొయ్యి పొగా ఒకే గాలిలో కలిశాయి. ఒకదాన్ని వ్యవస్థ అంటున్నారు. ఇంకోదాన్ని వాళ్ల అలవాటు అంటున్నారు.’ ఇది ఉద్యమం ఉపన్యాసంలా ఉందండి.”

“మీ దిక్కు టవర్ కట్టినా పొయ్యిల గిదే చెక్క సార్. ఇందుల ఆంధ్ర అని గాని తెలంగాణ అని గాని ఒక్క మాట లేదు. వెతుకుండ్రి.”

ఆయన నిజంగానే వెనక్కి తిప్పి చూశారు. దొరకలేదు.

“సరేనమ్మా, అది పక్కన పెడదాం. మీరు పొయ్యి కొలిచారు. జనరేటర్ కొలిచారా?”

“లేదు సార్.”

“కొలవనిదాన్ని కొలిచినదాని పక్కన ఎలా పెడతారు?”

ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే.

“కొలవనియ్యలేదు సార్. డీజిల్ ఎంత పోస్తరో చెప్పమని అడిగిన. జనరేటర్ గది కాడికే రానియ్యలేదు. నేను పనిచేసే బిల్డింగే. తుడిచెటందుకైతే ఎక్కడికైనా రానిస్తరు, అడిగెటందుకు రానియ్యరు. కొలిచెటందుకు దొరికే పొగ బీదోళ్లదే. అందుకని అందరు మా పొయ్యిల మీదనే రాస్తరు. గా పుస్తకంల గూడ గంతే. కట్టె పొయ్యి ఇంటి ఆడోళ్ల ఊపిరికి చెరుపు అని రాసిండ్రు. రాయాల్సిందే. గని గంతటితోని ఆగితే తప్పంత ఆడోళ్లదే అయితది.”

ఆయన ప్రాజెక్టు మూసి బల్ల మీద పెట్టారు. ఫ్యాను తిరుగుతోంది. బయట వరండాలో నా తర్వాత పిలుపు కోసం నిలబడ్డవాళ్లు గుసగుసలాడుతున్నారు.

“చూడండమ్మా, దాపరికం లేకుండా చెబుతాను. మొదటి నాలుగు అధ్యాయాలు నాకు నచ్చాయి. ఈ ఆఖరి పేజీలు తీసేసి ఇవ్వండి, ఫస్టు క్లాసు మార్కులు వేస్తాను. ఉంచితే, కొలత లేని పోలికకు నేను మార్కులు తగ్గించాలి. నిబంధన అది. పాస్ వరకే వస్తుంది. అది కూడా అంచు మీద.”

“పాస్ అయితే అయిత గద సార్?”

“అవుతారు.”

“ఉంచుండ్రి.”

“ఆలోచించుకోండి. ఫస్టు క్లాసు అంటే చిన్న విషయం కాదు.”

“ఆలోచించే రాసిన సార్.”

అక్కడితో లేచి రావచ్చు. నాకు ఇంకో అనుమానం వచ్చింది. ఈ కాగితాలు పరీక్షల గదిలో ఏదో ఒక మూలకు పోతాయి. రేపు ఎవరో ఒకరికి ఈ పేజీలు అనవసరం అనిపిస్తుంది. నాలుగు అధ్యాయాలు ఉంచి అయిదోది లాగేసినా అడిగేవారుండరు. ప్రాజెక్టు ఒకసారి ఇమ్మన్నాను. ఆయన పెన్ను కూడా అడిగాను. జనరేటర్ ప్రస్తావన వచ్చిన పేజీ మార్జిన్‌లో ‘దీనిని కొలవడానికి అనుమతి అడిగాను, ఇవ్వలేదు’ అని రాశాను. తర్వాత ఆ అధ్యాయంలో ప్రతి పేజీ అడుగునా పూర్తి సంతకం పెట్టడం మొదలుపెట్టాను.

“చివరి పేజీలో ఒకటి పెడితే చాలండి” అన్నారు ఆయన.

“సంతకమున్న పేజీ చింపితే చింపినోళ్లకు తెలుస్తది సార్. లేనిది చింపితే ఎవ్వరికి తెల్వది.”

“కొంచెం త్వరగా కానివ్వండమ్మా, బయట ఇంకా చాలామంది ఉన్నారు.”

“జల్దీ వచ్చిన చదువు కాదు సార్ ఇది” అన్నాను, తల ఎత్తకుండా.

ఆయన లేచారు. తలుపు దగ్గరికి పోయి బయటున్నవాళ్లను కాసేపు ఆగమన్నారు. నా పేరు పొడుగు, ఇంటి పేరు ఇంకా పొడుగు. ఒక్క అక్షరం కూడా కుదించకుండా, అన్ని పేజీల మీదా రాసి పెన్ను తిరిగి ఇచ్చేశాను.

అత్తెసరు మార్కులతో పాసయ్యాను. క్యాంపుకు పోయి చెబితే యారాలు బిందె కింద పెట్టి అడిగింది.

“ఫస్టు క్లాసు ఇస్తమన్నరంట గద, బావ చెప్పిండు. గివ్వేనా వచ్చినయి?”

“గివ్వే. పేజీలు మాత్రం అన్ని ఉన్నయి.”